గిడ్డమ్మ చెంబు

“డ కింద ఒత్తు పెట్టొద్దప్పా. గిడమ్మ అనే కొట్టు.”

పాత్రల అంగడి వసంతకుమార్ పేర్లు కొట్టే మిషను ఆపి, శ్రావణిని ఎగాదిగా చూశాడు. ఎమ్మిగనూరులో ఇన్నేళ్ళుగా పేర్లు కొడుతున్నాడు గానీ, తప్పు కొట్టమని అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు.

“గిడ్డమ్మను గిడమ్మ చేస్తే నా అంగడి పరువేం గావల్ల?”

“పాత చెంబు మీద అట్లనే ఉండె. అది కొట్టినోడు ఒత్తు మింగేసినాడు. మా అత్తకు చదువు రాదు గానీ, నీళ్ళు తాగినప్పుడంతా ఆ పేరును ఏలితో తడుముకుంటాది.”

పాత చెంబు సంగతి ఇద్దరికీ తెలిసిందే. గిడ్డమ్మ శ్రావణికి మేనత్త. తల్లి లేని పిల్లను తానే పెంచింది. పత్తి తీసిన కూలితో రాగి చెంబు కొని, తన పేరు కొట్టించి పెళ్ళికి ఇచ్చింది. పోయినేడు మొగుడు ఈరేష్ చెయ్యి విరిగి పనికి పోలేకపోతే, శ్రావణి ఎవరికీ చెప్పకుండా ఆ చెంబును ఈ అంగట్లోనే అమ్మేసింది. ఇప్పుడు అత్త వస్తోంది. వచ్చిందంటే తన చెంబుతోనే నీళ్ళడుగుతుంది. అమ్ముకున్నానని తెలిస్తే ఆ మనిషి మనసు విరిగిపోతుందని శ్రావణి భయం.

“అది ఇంక యాడా దొరకదా అప్పా?”

వసంతకుమార్ ఆమె మొహం చూడకుండా తల గోక్కున్నాడు. “యాడ దొరుకుతాదమ్మా? పాత రాగంతా మూటగట్టి లారీకెక్కిస్తాం. కొలిమిలో కరిగించి, మడ్డి తీసి, కడ్డీలు పోస్తారు. కడ్డీని సాగదీస్తే తీగ. నీ చెంబు ఈపాటికి ఎవరి చేన్లోనో బోరు మోటారులో తిరుగుతాంటాది. రాగికి చావు లేదులే.”

“ఆ మాట మా అత్తతో చెప్పు, నిన్నే కొలిమిలో ఏస్తాది.”

“మీ అత్త సంగతి నాకు తెలీదా!” అని అతను నవ్వి, కరగడానికి పోవాల్సిన ఇంకో పాత చెంబును మిషను కింద పెట్టాడు. తీరా చూస్తే ‘గిడ్డమ్మ’ అని ఒత్తుతో సహా పడింది.

“చెయ్యి అలవాటు పడిపోయినాదమ్మా” అన్నాడు.

బస్సు వచ్చే వేళయింది. శ్రావణి తిట్టుకుంటూ ఇంటికి పరుగెత్తి, చింతపండుతో చెంబును తోమింది.

గిడ్డమ్మ జొన్నల సంచి నెత్తిన పెట్టుకొని వచ్చింది. శ్రావణి అందుకోబోతే, “ముట్టొద్దు మే, నేనే పెడతా” అని వంటింటి మూలన దించింది.

“ఇంత బరువు మోసుకొని ఎందుకొచ్చినావత్తా?”

“మనదాన్ని మనం మోసుకోకపోతే ఎవరు మోస్తారు? నా చెంబుతో ఇన్ని నీళ్ళియ్యి.”

సగం తాగి, బొటనవేలితో పేరును నిదానంగా తడిమింది.

“నా పేరు శానా నిండుగుండాది” అంది గిడ్డమ్మ. మిగతా నీళ్ళూ తాగేసి, “కష్టమొస్తే చెప్పల్ల మే. అత్త ఏమన్నా పరాయిదా?” అని అడిగింది.

“మాకేం కష్టమత్తా? బాగుండాం.”

గిడ్డమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసి, తల నిమిరి లేచింది. “జొన్నలు ఈ పూటే డబ్బాలోకి పోసుకో. పురుగు పడ్తాది.”

అత్తను బస్సెక్కించి వచ్చాక, గండం గడిచిందని శ్రావణి దేవుడి పటానికి దండం పెట్టుకుంది. పెంచిన మనిషిని మోసం చేశానన్న బాధ మాత్రం పోలేదు. చెప్పేసి ఉంటే బాగుండేదనుకుంటూ సంచి మూతి విప్పి డబ్బాలోకి వంచింది.

జొన్నలు సగం జారాక ఠంగుమని ఏదో పడింది. గింజలు దులిపి పైకి తీసింది. రాగి చెంబు.

దాని మీద ‘గిడమ్మ’ అని ఉంది.