వరండా కుళాయి

లీడరమ్మాయి పానా తెచ్చి టీచరు బల్లమీద పెట్టింది.

"ఈ వారం మీరిచ్చిన సమస్య తేలిపోయిందండీ. మేం బిగించిన వరండా కుళాయిని రోజూ పొద్దున్నే హెడ్మాస్టరు గారే వదులు చేస్తున్నారు."

వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటున్న హెడ్మాస్టరు కిటికీవైపు తిరిగారు.

"మీరా సార్?" అంది టీచరు.

"మరేం చెయ్యనమ్మా? పుస్తకంలో లెక్కలు కాదు, నిజం సమస్యలిచ్చి నేర్పుతానన్నావు. సరేనన్నాను. పిల్లలు ఫ్యాను బాగుచేశారు. కిటికీ గడియ బాగుచేశారు. ఆఖరికి నా కుర్చీ కిర్రుమనడం కూడా మాన్పించారు. ఇప్పుడు నా గది గడప తొక్కే నాథుడే లేడు."

క్లాసులో ఎవరూ నవ్వలేదు.

"మాకూ అదే తేలిందండీ," అంది లీడరమ్మాయి. "అసలు సమస్య కుళాయి కాదు. అందుకని రేపట్నుంచి వంతులవారీగా మీ గదికి ఫిర్యాదులతో వస్తాం."

హెడ్మాస్టరు లేచి చొక్కా సర్దుకున్నారు.

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడేమైనా ఉంటే చెప్పు."

లీడరమ్మాయి చేతులు కట్టుకుంది.

"మా కుళాయిని ఎవరో రోజూ వదులు చేస్తున్నారు సార్."

ఆయన గంభీరంగా తలూపి, పానా తీసి జేబులో వేసుకున్నారు.

"విచారిస్తాను. వాడెవడైనా సరే, ఊరుకునేది లేదు."