వినపడని పాఠం

తల్లి కుళాయి కట్టేసి చెవి ఒగ్గింది.

ముందుగదిలో కూతురికి లెక్కల ట్యూషన్ జరుగుతోంది. మాష్టారి గొంతు మాత్రం వినపడటం లేదు. పెన్సిలు గీసిన చప్పుడు, కుర్చీ కిర్రుమనడం, మళ్లీ నిశ్శబ్దం.

తొంగిచూసింది. పిల్ల తల గోక్కుంటోంది. మాష్టారు చేతులు కట్టుకుని కిటికీవైపు చూస్తున్నాడు.

"సార్, తర్వాతేం చెయ్యాలి?"

"నీకేమనిపిస్తోంది?"

అంతే. రోజూ అంతే.

పక్కింటావిడ అననే అంది. "మీ ఇంటికొచ్చేది మాష్టారా, కాపలా మనిషా వదినా? మావాడి సారు చెబుతుంటే వంటింట్లో నాకూ లెక్కలొచ్చేస్తున్నాయి."

పోయినసారి తప్పిన పరీక్ష మళ్లీ దగ్గరపడుతోంది. ఆ సాయంత్రమే తల్లి గుమ్మం దగ్గర మాష్టారిని ఆపి, రేపటినుంచి రానక్కర్లేదని చెప్పేసింది.

ఆయన కారణం అడగలేదు. చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఒక్క మాట అన్నాడు.

"పాప లెక్క సగంలో ఉందమ్మా. దారి దొరికేలాగే ఉంది. ఎవరూ చెప్పెయ్యకుండా చూడండి."

కొత్త మాష్టారు వచ్చీరాగానే ఆ లెక్క చెప్పేశాడు. ఆయన గొంతు ఖంగుమని మోగేది. ఇల్లంతా పాఠమే. తల్లి నిశ్చింతగా కూరలు తరుక్కుంది.

పరీక్ష వారంలోకి వచ్చాక ఆయనకు జ్వరం వచ్చింది. కూతురు పుస్తకం తెరుచుకుని ఊరికే కూర్చుంది.

చెయ్యవేమని తల్లి అడిగింది.

"సార్ ఇంకా చెప్పలేదు."

"నీకేమనిపిస్తోంది?" అనుకోకుండానే వచ్చింది తల్లి నోటివెంట.

పిల్ల తెల్లబోయి చూసింది. "నాకా?"

మర్నాడు తల్లి పాత మాష్టారిని వెతుక్కుంటూ వెళ్లింది. దర్జీ కొట్టు మీద ఒంటిగది. తలుపుకు తాళం.

ఖాళీ చేసి వెళ్లిపోయారన్నాడు దర్జీ. ఎక్కడికో చెప్పలేదట. ఆయన కోసం ఎవరైనా మెట్లెక్కడం ఇదే మొదలట.

"ఒక్కరే అలా కూర్చునే బదులు నలుగురు పిల్లల్ని పోగేసి పాఠాలు చెప్పుకోవచ్చుగా అన్నానమ్మా ఓసారి. 'చాలా చెప్పాను. పిల్లలు వినడమొక్కటే నేర్చుకున్నారు' అన్నారు."

తల్లి కాసేపు ఆ మెట్లమీదే కూర్చుంది. కింద కుట్టుమిషను ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంది.

ఇంటికి వచ్చేసరికి కొత్త మాష్టారు నీరసంగానే వచ్చి కూర్చున్నాడు. ఫోన్‌లో ఏదో పాఠం చూస్తూ, దానితోపాటు పెదవులు కదుపుతున్నాడు.

"రోజూ ఈయన్ని ఒకసారి వినే వస్తానమ్మా. నేననేముంది, లెక్కలు చెప్పే మాబోటివాళ్లమంతా ఈయన గొంతు పట్టుకునే బతుకుతున్నాం. పాపం, ఎందుకో ఉన్నట్టుండి చెప్పడం మానేశారు."

ఫోన్ ఆమెవైపు తిప్పాడు.

కిక్కిరిసిన హాల్లో, నల్లబల్ల ముందు, గొంతెత్తి గలగలా పాఠం చెప్పుకుపోతున్నది, తను రావద్దన్న మాష్టారే.