మూడో పాపం

“ఆ మూడోది కొట్టెయ్!” అంది యాగొదా కూతురితో, పళ్ళు నూరుతూ గుసగుసగా.

“కొట్టెయ్యను,” అంది కలీనా.

చర్చిలో ఫాదర్ జాలీ వెనక కూర్చుని పాపాలు వినే చెక్కపెట్టె ముందు, తొలి పాపసంకీర్తనానికి వరస కట్టిన పిల్లల్లో కలీనా పదోది. ఎనిమిదేళ్ళ పిల్ల. రేపు ఆదివారం తెల్లగౌను వేసుకుని తొలి సత్ప్రసాదం తీసుకోవాలి కాబట్టి ఇవాళే పాపాలు కడిగేసుకోవాలి. సిస్టర్ చెప్పినట్టు అన్నీ కాగితం మీద రాసుకొచ్చింది. తల్లన్నాక ఆ కాగితం చూడకుండా ఉంటుందా?

ఒకటి: తమ్ముడి పీక పిసికాను, కొంచెమే. రెండు: బీట్‌రూట్ సూప్ పూలకుండీలో పోశాను. మూడు: దుప్పి బొమ్మ ఫ్రేము బాగుచేయడానికిచ్చామని నాన్నమ్మకి ఫోన్‌లో అబద్ధం చెప్పాను. అమ్మ చెప్పమంది.

‘అమ్మ చెప్పమంది’ కింద స్కేలు పెట్టి మరీ ఎర్రగీత గీసింది.

ఆ బొమ్మ అత్తగారు క్రిస్మస్‌కి కానుకిచ్చిన గోడపటం. టేబులంత ఉంటుంది. సోఫాలో ఎవరు కూర్చుంటే వాళ్ళ మీదకి నోరు తెరిచి అరిచే కొమ్ముల దుప్పి. యాగొదా వారం రోజులు భరించింది. ఇప్పుడది ఊరిచివర తోటలో కుందేళ్ళ గూటికి కప్పు. చుక్క వాన దిగట్లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

“అది పాపం కాదే తల్లీ, మర్యాద.”

“అబద్ధం అబద్ధమేనంది సిస్టర్. ఒక్క పాపం దాచినా మిగతావీ చెల్లవట. అప్పుడు తమ్ముడి పీక మళ్ళీ నా నెత్తినే పడుతుంది.”

మొగుడు విటెక్ వచ్చాడు, ఆరేళ్ళ కొడుకు తితుస్‌ని చంకలో ఇరికించుకుని. “ఏమైంది?”

“నీ కూతురు కొంప ముంచుతోంది. చదువు.”

విటెక్ చదివాడు. మూడో వరస బెంచీ వైపు చూశాడు. అక్కడ వాళ్ళమ్మ జపమాల తిప్పుకుంటోంది. పొద్దున్నే బస్సు దిగింది. పక్కన గోధుమరంగు అట్టకాగితం చుట్టిన కానుక, తలుపంత. కలీనాకి చదువుకునే బల్ల అయ్యుంటుందనీ, కాళ్ళు విడిగా వస్తాయనీ విటెక్ అప్పుడే తేల్చేశాడు.

“ఫాదర్ బయట చెప్పడుగా,” అన్నాడు.

“ఆయన చెప్పడు, దీనిచేత చెప్పిస్తాడు. కిందటేడు పక్కింటి గుస్తావ్, తోటలో చెర్రీలు దొంగిలించానని చెప్పుకుంటే, వెళ్ళి తోటావిడకి క్షమాపణ చెప్పి రమ్మన్లా? ఇది పెట్టెలోంచి లేచి నేరుగా మీ అమ్మ దగ్గరికే వెళ్తుంది. ఇరవై అడుగులు. అయిపోయింది మన వేసవి!”

విటెక్ మొహం పాలిపోయింది. జూలై, ఆగస్టు, వేసవి సెలవులు రెండు నెలలూ పిల్లల్ని తన ఊరు తీసుకెళ్తానని నాన్నమ్మ మాటిచ్చింది. మొన్న మే సెలవుల్లో నాలుగు రోజులు తీసుకెళ్తేనే మొగుడూ పెళ్ళాలిద్దరూ పదింటిదాకా పడుకున్నారు. కాఫీ వేడిగా తాగారు. ఒకరి మాట ఒకరు చివరిదాకా విన్నారు. అలాంటివి రెండు నెలలు! పిల్లలంటే ప్రాణమే, కాదన్నదెవరు? కానీ ప్రాణమైనా అప్పుడప్పుడు ఊరెళ్తే బాగుండునని ఏ తల్లికి అనిపించదు? పిల్లకి నిజం చెప్పడం నేర్పేదీ మనమే, ఎక్కడ చెప్పకూడదో నేర్పలేక నానా చావూ చచ్చేదీ మనమే.

“కలీనా, ఆ పాపం నాది. నాకిచ్చెయ్,” అంది యాగొదా.

“అయితే నువ్వే వెళ్ళి చెప్పు.”

“ఎక్కడ?”

కలీనా గోడవారగా ఉన్న రెండో పెట్టె చూపించింది. పెద్దవాళ్ళ పాపాలు వినే ముసలి ఫాదర్ అందులో ఉన్నాడు. పెళ్ళికి ముందు చెప్పుకున్నాక యాగొదా మళ్ళీ ఆ పెట్టె మొహం చూడలేదు. ఇప్పుడు వెళ్ళి మోకరిల్లి, గుర్తున్నవి చెప్పేసరికే మోకాళ్ళు పట్టేశాయి. కుంటుకుంటూ తిరిగొచ్చింది.

“ఏమన్నాడు?” అన్నాడు విటెక్.

“మీ అమ్మకి నిజం చెప్పమన్నాడు. ఎప్పుడని తేదీ పెట్టలేదు. సెప్టెంబరు ఒకటిన, బళ్ళు తెరిచాక చెప్తా.”

కలీనా మాట తప్పలేదు. మూడోది శుభ్రంగా కొట్టేసి పెట్టెలోకి వెళ్ళింది. రెండు నిమిషాల్లో నవ్వుతూ వచ్చింది. ఈలోగా తితుస్ చంక జారి నాన్నమ్మ దగ్గరికి పారిపోయాడు. పోనీలే, వాడికింకా పాపాలు రాసే వయసు రాలేదు.

యాగొదా కూతుర్ని గట్టిగా కావలించుకుంది. “నా బంగారమే! భయం వెయ్యలేదూ?”

“భయమెందుకు? మే సెలవుల్లో నాన్నమ్మ దగ్గర మూడుసార్లు చెప్పి చూసుకున్నాగా. నేను మోకాళ్ళ మీద కూర్చున్నా. తను పిండి జల్లెడ మొహానికి అడ్డం పెట్టుకుని, అచ్చం ఫాదర్‌లాగే వింది.”

యాగొదా చేతులు జారిపోయాయి. “ఏం చెప్పావే?”

“ఇవే. మూడూ.”

“ముందే చెప్పి ఏడవొచ్చుగా!”

“అసలుది అయ్యేదాకా రహస్యమంది.”

“ఇంకా... ఇంకేమంది?”

“నాకు ఒక్క జపం చాలంది. నీ ప్రాయశ్చిత్తం మాత్రం తనే మోసుకొస్తానంది. అది గోడెక్కితేనే మమ్మల్ని బస్సెక్కిస్తుందట.”

మూడో వరసలో అట్టకాగితం పర్రుమని చిరిగింది.

“అమ్మా!” తితుస్ గొంతు చర్చంతా మోగింది. “ఈసారి రెండు దుప్పులు!”