అమ్మమ్మ పోయిన రాత్రి

"బెంగళూరు విమానం రద్దయింది మేడమ్. పొద్దున మొదటి విమానంలో ఖాళీలుంటే ఈ వరసలో ఉన్నవాళ్లకే ఇస్తాం. ఇంటికెళ్లి వస్తానంటే మాత్రం మా పూచీ లేదు" అంది కౌంటర్లో అమ్మాయి.

రసజ్ఞకు రేపు పదింటికి బెంగళూరులో ఆఖరి ఇంటర్వ్యూ. ఆరేళ్లుగా ఇక్కడ రాని లీడ్ పోస్టు అక్కడ చేతికందేలా ఉంది. వెళ్లి ఎదురుగా కూర్చోకపోతే అది ఇంకొకరి పాలవుతుంది.

"రసజ్ఞా! నువ్వూ ఇందులోనేనా?"

వరసలో ఆమెకు ముందున్న మనిషి వెనక్కి తిరిగాడు. రవికిరణ్. గచ్చిబౌలి ఆఫీసులో ఆమె టీమ్ లీడ్. మధ్యాహ్నం సెలవు అడిగింది ఈయన్నే, అమ్మమ్మ పోయిందని చెప్పి.

సాఫ్ట్‌వేర్ వాళ్ల అమ్మమ్మలు ఇంటర్వ్యూలున్నప్పుడల్లా పోతూనే ఉంటారు. ఈ అమ్మమ్మ కూడా చందానగర్‌లో నిక్షేపంగా కూర్చుని సీరియల్ చూస్తోంది. టీమ్ గ్రూపులో మాత్రం అప్పటికే అందరూ ఓం శాంతి పెట్టేశారు.

"అవునండీ. అమ్మమ్మ... బెంగళూరులో మామయ్య దగ్గర ఉండేది."

"ఎన్నింటికి తీసుకెళ్తారట?"

"పదింటికండీ." నోటికి ఇంకో టైము రాలేదు. "మీరెక్కడికి?"

"మా ఆవిడ వైపు వాళ్ల పెళ్లి. ఎలాగూ ఆవిడా పాపా అక్కడే కదా, వాళ్లనీ చూసినట్టుంటుంది" అన్నాడు. "పోయినసారి వెళ్తే మా పాప తలుపు తీసి, 'అమ్మా, అంకులొచ్చాడు' అంది" అని నవ్వబోయి, ఎందుకో ఆగిపోయాడు.

ఇద్దరూ ఇనుప కుర్చీల్లో చేరగిలబడ్డారు. రసజ్ఞకు ఆకలి దంచేస్తోంది. పక్కనే దోసెలు వేస్తున్నారు, నెయ్యి వాసన. లేవబోయింది. రవికిరణే ముందు లేచాడు.

"నువ్వేమీ తినవులే. అక్కడ శవం లేచేదాకా మనకి ముద్ద దిగదు. టీ మాత్రం తెస్తా."

తెచ్చాడు. తనూ టీతోనే సరిపెట్టుకున్నాడు. "నీ ముందు కూర్చుని దోసె తింటే ఏం బావుంటుంది?" అన్నాడు. ఆయన్ని కూడా పస్తు పెట్టానని రసజ్ఞకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఆకలీ ఎక్కువైంది.

అంతలో ఫోన్ మోగింది. తెర మీద పేరు, బోసినవ్వుల ఫొటో. అమ్మమ్మ! రసజ్ఞ గభాలున ఫోన్ బోర్లించింది.

"ఇంటి నుంచా?"

"ఆఁ. అందరూ కంగారు పడుతున్నారు."

"పడరా మరి!" అన్నాడాయన జాలిగా.

విమానాశ్రయంలో నేల తుడిచే యాదమ్మ వాళ్ల దగ్గర ఆగింది. "జర కాళ్లు మీదికి పెట్టుకో బిడ్డా. ఏందమ్మా, మొఖం గట్ల వాడిపోయింది?"

రసజ్ఞ నోరు తెరిచేలోపే రవికిరణ్ చెప్పాడు. "వాళ్ల అమ్మమ్మ పోయిందమ్మా. విమానం లేక ఇక్కడ పడి ఉంది."

"అయ్యో బిడ్డా!" యాదమ్మ కర్ర గోడకి ఆనించి ఆమె తల నిమిరింది. "కడసారి మొఖమన్న దొరకాలె. నాకైతే మా అమ్మ మొఖం దొరకలే. బస్సు దొరికి నేను వొయ్యేసరికి మట్టి జేసిన్రు. ఇగ గా బాధ పోదు బిడ్డా, గిట్లనే ఉంటది."

రసజ్ఞ తల దించుకుంది. ఏడుస్తోందనుకున్నారు ఇద్దరూ. నిజానికి అప్పుడు ఏడుపే వచ్చింది, కానీ అమ్మమ్మ కోసం కాదు. యాదమ్మ వెళ్లిపోయాక రవికిరణ్ చాలాసేపు తడి నేల వంక చూస్తూ ఉండిపోయాడు.

తెల్లవారుతుండగా కౌంటర్ అమ్మాయి పిలిచింది. "మొదటి విమానంలో ఒక్క సీటే ఉంది. తర్వాతది మధ్యాహ్నమే. రవికిరణ్ గారూ, మీ వంతు."

ఆయన వెళ్లాడు. కౌంటర్ మీద చెయ్యి ఆనించి, వెనక్కి తిరిగి రసజ్ఞ వంక చూశాడు.

"ఈ అమ్మాయికివ్వండి."

రసజ్ఞ గబగబా కౌంటర్ దగ్గరికి వచ్చింది. "మరి మీ పెళ్లి?"

"నేను లేకపోతే పెళ్లి ఆగుతుందా? వెళ్లు. ఆ నేల తుడిచే ఆవిడ చెప్పింది విన్నావుగా."

"రవి గారూ, అసలు సంగతేంటంటే..."

"ఇప్పుడేమీ చెప్పకు. టైము లేదు, పరిగెత్తు!"

సంగతి గొంతులోనే ఆగిపోయింది. ఆగిపోయిందనడం కన్నా ఆపుకుందనడమే న్యాయం. చెప్తే ఇంటర్వ్యూ పోతుంది, ఉన్న ఉద్యోగంలో పరువూ పోతుంది. పెళ్లి కదా, మధ్యాహ్నం వెళ్లినా భోజనాలకి అందుకుంటాడులే అని తనకి తనే చెప్పుకుంటూ పరిగెత్తింది.

సీట్లో కూలబడేసరికి విమానం తలుపు మూసేశారు. ఫోన్ ఆపబోతుంటే మోగింది. ఈ ఇంటర్వ్యూ కుదిర్చిన కన్సల్టెన్సీ సుష్మ.

"ఎక్కారా రసజ్ఞ గారూ? హమ్మయ్య! ఇంక మీకు పోటీయే లేదు. ఆఖరికి మిగిలింది ఇద్దరే కదా, ఆ రెండో ఆయన ఇప్పుడే ఫోన్ చేసి రాలేనన్నాడు."

"ఎందుకట?"

"ఏం చెప్పమంటారండీ! పాప తనని మర్చిపోయేలా ఉంది, ఎలాగైనా ఈ ఉద్యోగం ఇప్పించమని నా ప్రాణం తీశాడు. తీరా ఇవాళ, వాళ్ల టీమ్‌లో ఎవరో అమ్మాయికి అమ్మమ్మ పోయిందని తన సీటు ఇచ్చేశాట్ట!"