రిపేరులో ఉన్న పిస్తోలు

"నా పిస్తోలు ఏదయ్యా?"

"రిపేరులో ఉంది సార్."

ఇన్‌స్పెక్టర్ ఆయుధాల గది కిటికీ మీద ధన్‌మని కొట్టాడు. నెలరోజులుగా ఇదే పాట.

లోపలున్న హెడ్ కానిస్టేబుల్‌ని స్టేషనంతా నత్త అంటుంది. వేరే ఊరి నుంచి వచ్చాడు, ఎవరితోనూ కలవడు. తాళం తీయమంటే, తీసేలోపు టీ తాగి రావచ్చు.

"ఏం రిపేరు?"

"స్ప్రింగు సార్."

"పోయినవారం ట్రిగ్గరన్నావు?"

"అది కూడా సార్."

వెనక ఆయుధాల కోసం వరసలో ఉన్న కానిస్టేబుళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఇన్‌స్పెక్టర్‌కి కోపం నషాళానికంటింది. అసలు దిగిందెప్పుడు గనక? తను ఒంటరిగా పంపిన కుర్ర ఎస్సై శవమై వచ్చినప్పటి నుంచీ ఆయన ఇంటికి పోవడం లేదు. భార్య ఫోన్ చేస్తే కట్ చేస్తున్నాడు. ఆఫీసు కుర్చీలోనే తెల్లారుతోంది.

"తాళాలు అక్కడ పెట్టు. నీ మీద రిపోర్టు పంపుతున్నా. ఇంటికి పో."

నత్త తాళాలు వెంటనే వదల్లేదు.

"మీరు కూడా ఇంటికెళ్ళి కాస్త పడుకోండి సార్."

"నాకే నీతులా? నడు బయటికి."

నత్త వెళ్ళిపోయాడు. అదీ నెమ్మదిగానే.

ఇన్‌స్పెక్టర్ రిపేరు పెట్టె తెరిచి, పైనున్న ఒక్కో తుపాకీ తీసి, ట్రిగ్గర్ నొక్కి తనే చూశాడు. అన్నీ టక్కుమన్నాయి. అన్నీ శుభ్రంగా నూనె పట్టించి ఉన్నాయి.

"దొంగ వెధవ. వీటికేం రోగం? ఎందుకు దాచాడు?"

పక్కనున్న మహిళా కానిస్టేబుల్ నోరు విప్పింది.

"నాది కూడా కొన్నాళ్ళు ఇందులోనే ఉంది సార్. మా తమ్ముడు పోయినప్పుడు. ట్రిగ్గర్ పట్టేసిందన్నాడు, నేనూ నానా తిట్లూ తిట్టాను. మళ్ళీ కాస్త తిని, నలుగురితో నవ్వడం మొదలెట్టాక, బాగైందని ఇచ్చేశాడు."

"వాడేమన్నా డాక్టరా? బాగోకపోతే నాకు చెప్పాలి."

"మీకా సార్?" ఆమె గొంతు పెంచింది. "దిగులుపడేవాళ్ళని యూనిఫాం విప్పేసి పొమ్మని రోజూ పొద్దున్నే మమ్మల్ని నిలబెట్టి మీరే చెప్తారుగా. ఎవరు చెప్తారు సార్ మీకు?"

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ పెట్టెలో చెయ్యి పెట్టాడు.

పెట్టె అడుగున తన పిస్తోలు. కుర్ర ఎస్సై అంత్యక్రియల మర్నాడు రిపేరుకెళ్ళిన పిస్తోలు.

తీశాడు. అదీ టక్కుమంది.

నత్తకి ఫోన్ చేశాడు. స్విచాఫ్.

పిస్తోలు ఆమె ముందుకి తోశాడు.

"లోపల పెట్టి తాళం వెయ్యమ్మా. తాళం నాకివ్వకు."

ఈ నెలంతా తలుపేసుకుని, నడుముకున్న ఖాళీ ఒరని ఎన్నిసార్లు తడుముకున్నాడో తనకొక్కడికే తెలుసనుకున్నాడు, ఇన్నాళ్ళూ.