బాత్రూం తలుపు

దుబాయ్‌లో తెలుగువాళ్ల సభ మధ్యలో, గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఎమ్మెల్యే గారు పొట్ట పట్టుకుని బాత్రూం వైపు పరుగుతీశారు. తలుపు తోశారు. తెరుచుకోలేదు. భుజంతో గుద్దారు.

పక్కనే నేల తుడుస్తున్న సత్యకుమారి ఆయన తమ ఎమ్మెల్యేనని గుర్తుపట్టింది. నిరుడు ఈ తుడిచే పనికని ఇక్కడికొచ్చినా, ఊళ్లో కూతురు చదివే బడి కమిటీలో ఆవిడ ఇంకా మెంబరే.

"ఏవమ్మా, తలుపు తియ్యి!"

"ఆయ్, తీస్తానండి. మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లల బాత్రూంకి మూడేళ్లుగా తాళమేనండి, నీళ్లు లేవని. కమిటీ తరఫున నాలుగు అర్జీలిచ్చాం. మీ ఆఫీసులో పక్కకి తోసేశారు. పిల్లలు పొద్దస్తమానం ఇలాగే బిగబట్టుకుంటున్నారండి."

"ఇప్పుడా ఆ గొడవ?"

"సరేనండి, తర్వాతే మాట్లాడదాం," అంటూ ఆవిడ మళ్లీ తుడుపు కర్ర అందుకుంది.

ఎమ్మెల్యే చెమటలు కక్కుతూ విద్యాశాఖ అధికారికి ఫోన్ కొట్టారు. "ఎల్లుండికల్లా ఆ బాత్రూంలో నీళ్లు రావాలి, తాళం తియ్యాలి! ఫొటో పంపు!"

ఫోన్ పెట్టేసి, "ఇకనైనా ఈ తాళం తియ్యి తల్లీ," అన్నారు.

"దీనికి తాళమేదండి? 'లాగండి' అని అరబ్బీలో రాసుంది. మీకేమో తోసెయ్యడమే అలవాటు కదండీ!"