వరదమ్మ పేరిట ఖాతా

చిత్తూరులోని ఆ కార్యాలయంలో మెయిల్ సర్వర్‌ను మారుస్తున్నందున, సిబ్బందికి పొద్దున్నే ఉత్తరాలు అందేలా వెబ్‌మెయిల్‌ను వేరే సర్వర్‌పై పెట్టారు. దాన్ని ఇంకా బయటి నెట్‌వర్క్‌కు కలపలేదు. ఏ పనైనా పెద్దల పేరుతో మొదలుపెట్టే అలవాటు కొద్దీ, ఆ పని చూస్తున్న శ్రీకరి నిరుడు పోయిన తన తల్లి వరదమ్మ పేరిట పరీక్ష కోసం ఒక ఖాతా తెరిచింది. "అమ్మా, చేరిందా?" అని దానికి మెయిల్ పంపింది.

అర్ధరాత్రి దాటాక చూస్తే, దాన్ని ఎవరో చదివినట్టు గుర్తు పడివుంది.

"నువ్వు తెరిచినావా?" అని పక్కన కేబుళ్ళు సర్దుతున్న సహోద్యోగి ముకుంద్‌ను అడిగింది.

"నేను తాకనే లేదక్కా. మీయమ్మ ఫోన్ మోగినా ఎత్తకుండా తెచ్చి నీ చేతికిచ్చేది. ఇప్పుడు మెయిల్ సూస్తాదా?"

శ్రీకరి నవ్వలేదు. పాస్‌వర్డ్ తనకొక్కదానికే తెలుసు. తాను తెరవలేదు. కారణం లేకుండా ఫలితం ఉండదు కాబట్టి, చేసిన పనంతా మొదటినుంచి సరిచూసుకుంది. తప్పు దొరకలేదు. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప మరో శబ్దం లేదు.

"పరీక్ష ఖాతా తీసేస్తేనే సర్వర్‌ను బయటికి కలపగలం. తెల్లారితే అందరూ మన మీద పడతారు. తుడిచేస్తా ఉండానక్కా."

ఆమె సరేననబోయింది. అంతలో వరదమ్మ ఖాతాలో, ఇంకా పంపని ఉత్తరం ఒకటి కనిపించింది. అందులో ఒక్క అక్షరమూ లేదు. ఎవరికి అన్నచోట మాత్రం శ్రీకరి చిరునామా ఉంది.

"అక్కా, తుడిచేయనా?"

ఆమె చెయ్యెత్తి ఆగమంది. బదులు రాయడానికి అమ్మకు ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలియదు.